రంగూ, దాని ఇరుగుపొరుగూ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో విజయవాడ, గుంటూరు వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. ఇంచుమించు అందరిదీ ఒకే బాధ: గీత కుదిరింది, రంగు వేశాక బొమ్మ పాడైంది. రంగును డబ్బాలో విడిగా చూసి ఎంచుకోవడమే చాలావరకు దీనికి మూలం. ట్యూబులోంచి తీసినప్పుడు కనిపించే రంగు వేరు, కాగితం మీద ఇంకో రంగు పక్కన కూర్చున్నాక అదే రంగు వేరు. ఉత్తరాల్లో కొన్నిటికి వివరంగానూ, కొన్నిటికి క్లుప్తంగానూ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ప్రకాశం బ్యారేజీ దగ్గర సూర్యాస్తమయం వాటర్ కలర్‌లో వేస్తున్నాను. ఆకాశం కింది భాగం నారింజ, పైన నీలం. రెండూ కలిసేచోట ప్రతిసారీ బురదరంగు వస్తోంది, ఒక్కోసారి ఆకుపచ్చ కూడా. ఎక్కడ తప్పు జరుగుతోంది?
– ఒక పాఠకుడు, భవానీపురం, విజయవాడ

జవాబు: నారింజ, నీలం రంగుల చక్రంలో ఎదురుబొదురుగా ఉండే రంగులు. పక్కపక్కన కూర్చోబెడితే ఒకదాన్నొకటి వెలిగిస్తాయి, కలిపితే ఒకదాన్నొకటి ఆర్పేస్తాయి. నారింజలో ఎరుపూ పసుపూ ఉన్నాయి. దానికి నీలం తోడైతే మూడు మూలరంగులూ ఒకే గిన్నెలో చేరినట్టే. ఒక్కో రంగూ తెల్లటి వెలుతురులో కొంత భాగాన్ని మింగేస్తుంది. మూడూ కలిస్తే ఏ భాగమూ నిండుగా తిరిగి రాదు. మీరు చూస్తున్న బురద అదే. ఆకుపచ్చకు కారణం వేరు. మీ నీలం బహుశా ప్రష్యన్ బ్లూ అయి ఉంటుంది. అది పుట్టుకతోనే పచ్చ వైపు మొగ్గిన నీలం, పసుపు తగిలితే చాలు చిలకపచ్చ అయిపోతుంది. ఈ ఆకాశానికి అల్ట్రామెరీన్ తీసుకోండి. అది వంగపండు రంగు వైపు మొగ్గుతుంది.

బ్యారేజీ మీద నిలబడి భవానీ ద్వీపం వైపు నిదానంగా చూడండి. నారింజ నేరుగా నీలంలోకి వెళ్లదు. మధ్యలో ఉల్లిపొర రంగు పట్టీ ఒకటి ఉంటుంది, దాని మీద పల్చటి వంగపండు రంగు, ఆ పైన నీలం. మీ బొమ్మలో లేనిది ఆ ఉల్లిపొర పట్టీయే.

వేసే పద్ధతి ఇలా. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) దళసరి కాగితం, ఏ4 సైజు. మూడు గిన్నెల్లో మూడు రంగులు ముందే కలిపి పెట్టుకోండి. గాంబోజ్ పసుపులో చిటికెడు స్కార్లెట్ (నారింజ వైపు మొగ్గే ఎరుపు) కలిపింది ఒకటి, క్రిమ్సన్ (వంగపండు వైపు మొగ్గే ఎరుపు) ఒకటి, అల్ట్రామెరీన్ ఒకటి. బఠాణీ గింజంత రంగుకు పసుపులో మూడు టీస్పూన్ల నీళ్లు, క్రిమ్సన్‌లో ఐదు, నీలంలో రెండు. కాగితాన్ని రెండు వైపులా తడిపి, మెరుపు ఉండి నీళ్లు మడుగు కట్టకుండా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఆకాశంలో కింది మూడోవంతుకు పసుపు వేయండి. బ్రష్ కడిగి, ఆ పసుపు పై అంచు మీదికి వేలెడంత ఎక్కేలా క్రిమ్సన్ పట్టీ వేయండి. మళ్లీ కడిగి, నీలాన్ని పై నుంచి కిందికి పల్చబరుస్తూ తెచ్చి క్రిమ్సన్ దగ్గర ఆపండి. నీలం క్రిమ్సన్‌ను ముట్టుకోవచ్చు, పసుపును మాత్రం ముట్టుకోకూడదు. మొత్తం పని దీని మీదే నిలబడి ఉంది. బోర్డును నీలం వైపుకు కాస్త వాల్చి పెడితే నీలం పసుపు మీదికి జారి రాదు. మెరుపు పోయాక మళ్లీ తడి బ్రష్ పెడితే కాలీఫ్లవర్ పువ్వు లాంటి మచ్చలు లేస్తాయి, ఇక వాటిని తీయలేరు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఆ మెరుపు ఎంతోసేపు నిలవదు కనుక ఫ్యాను ఆపి, పొద్దున్నే వేసుకోవడం మేలు.

సూర్యుణ్ణి నారింజతో వేయకండి. నారింజ ఎంత మండినా తెల్లకాగితం కంటే ముదురే. సూర్యుడి చోటు ఖాళీగా వదిలి, చుట్టూ పల్చటి లెమన్ పసుపు ఇవ్వండి. నారింజ ఒక పాలు ఉంటే నీలం రెండు పాళ్లు ఉంచమని పాతకాలపు బోధన. ఇదేమీ శాసనం కాదు కానీ సగం సగం పంచిన ఆకాశం కంటే ఎప్పుడూ బాగుంటుంది. బ్యారేజీకి 70 గేట్లు ఉన్నాయి, అన్నీ లెక్కపెట్టి వేయక్కర్లేదు. ఆ స్తంభాలకు నల్లరంగు వాడొద్దు. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి మట్టిరంగు) కలిపితే వచ్చే ముదురు వేయండి. సూర్యుడికి దగ్గరున్న స్తంభాల్లో సియెన్నా ఎక్కువ, దూరంగా ఉన్నవాటిలో నీలం ఎక్కువ. నీళ్లలో ఆకాశపు నీడ ఆకాశం కంటే ఒక మెట్టు ముదురు, స్తంభాల నీడ స్తంభాల కంటే ఒక మెట్టు లేత.

ఒక చిన్న సంగతి. సూర్యుడు దిగిపోయాక ఘాట్ మీద మనుషుల్ని వేస్తుంటే, ఎర్రచీర నల్లబడుతుంది, పచ్చచీర, నీలంచీర ఇంకాసేపు కనిపిస్తూనే ఉంటాయి. వెలుతురు తగ్గినప్పుడు కన్ను ముందు ఎరుపును పోగొట్టుకుంటుంది. పుర్కినే అనే శాస్త్రవేత్త 19వ శతాబ్ది మొదట్లోనే ఇది గుర్తించాడు. అందుకే మునిచీకటి బొమ్మలో నిగనిగలాడే ఎరుపు పెడితే అది అతికించినట్టు ఉంటుంది.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు అక్రిలిక్‌లో వేశాను. రెండడుగులు, మూడడుగుల కాన్వాసు. ముప్పావు భాగం ఎరుపే. అయినా ఆ మంట రావడం లేదు. ఎరుపు పూసినకొద్దీ ఇటుక గోడలా అవుతోంది.
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ బొమ్మలో ఎరుపు చాలకపోవడం లేదు, మోతాదు మించింది. ఎర్ర కాగితపు ముక్కను అర నిమిషం కన్నార్పకుండా చూసి, తెల్లగోడ వైపు చూడండి. పచ్చటి మచ్చ కనిపిస్తుంది. అంటే కన్ను ఆ అర నిమిషంలోనే ఎరుపుకు అలిసిపోయింది. మీ కాన్వాసు ముందు నిలబడినవారికి జరుగుతున్నదీ అదే. విశ్రాంతి ఇచ్చే చోటు లేక, కన్ను ఎరుపును ఎరుపుగా చూడటం మానేస్తోంది.

రెండో కారణం టోన్. రంగు ఏదైనా సరే, అది ఎంత వెలుగ్గా ఉంది, ఎంత చీకటిగా ఉంది అనే లెక్కే టోన్. ఫోన్‌లో మీ బొమ్మను బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటో తీసి చూడండి. కాన్వాసంతా ఒకే ముదురు బూడిదరంగు కనిపిస్తుందని మా నమ్మకం. శుద్ధమైన ఎరుపు సహజంగా సగం చీకటి రంగు. దాన్నే అంతటా పూస్తే ఎండ ఎక్కడ పడిందో, నీడ ఎక్కడుందో తెలియదు. ఎండ లేని మిర్చికి మంట ఎక్కణ్నుంచి వస్తుంది?

గుప్పెడు ఎండుమిరపకాయలు పళ్లెంలో పోసి మధ్యాహ్నం ఎండలో పెట్టి దగ్గరగా చూడండి. ఎండకు ఎదురుగా ఉన్న కాయ వీపు మీద సన్నటి తెల్లగీత ఉంటుంది, అందులో కొంచెం ఆకాశపు నీలం. దాని పక్కనే ఎరుపు నారింజలోకి తిరుగుతుంది. ఆ తర్వాతే అసలు ఎరుపు, అది కూడా పొడవునా సన్నటి చారగా. కాయ కిందికి వంగేచోట బచ్చలిపండు రంగు. కాయకూ కాయకూ మధ్య సందుల్లో దాదాపు నలుపు. తొడిమలు మాత్రం ఎండుగడ్డి రంగులో, కొంచెం పచ్చగా. సన్నటి తేజ రకమైతే మెరుపు గీతలు ఎక్కువ, ముడతలు పడే బ్యాడిగి రకమైతే ముదురు సందులు ఎక్కువ. రాశి అంతటినీ ఇదే లెక్కలో చూడాలి. అందులోని ఎరుపును పది పాళ్లు అనుకుంటే ఒక పాలు శుద్ధమైన ఎరుపు, మూడు పాళ్లు నారింజ ఎరుపు, నాలుగు పాళ్లు మసకబారిన ఎరుపు, రెండు పాళ్లు బచ్చలిపండు రంగు.

వెలుగు కోసం ఎరుపులో తెలుపు కలపొద్దు. అది గులాబీ అయి చల్లబడుతుంది. స్కార్లెట్‌లో పసుపు కలిపి పైకి వెళ్లండి. నీడ కోసం నలుపు కూడా వద్దు, ఇటుకరంగు అక్కడి నుంచే వస్తోంది. పది పాళ్ల క్రిమ్సన్‌లో ఒక పాలు విరిడియన్ పచ్చ కలిపితే లోతైన నీడ వస్తుంది. పాడైన కాన్వాసును పారేయనక్కర్లేదు. ఎండ పడాల్సిన చోట్ల రెండు పూతలు టైటానియం వైట్ వేసి ఆరనివ్వండి. దాని మీద పసుపు నారింజ, అదీ ఆరాక స్కార్లెట్‌ను మీడియంతో (రంగును పల్చబరిచే రంగులేని ద్రవంతో) పల్చగా చేసి ఒక్క పూత. ఎరుపు రంగుల్లో చాలా పారదర్శకాలు, కింద ఉన్నది పైకి కనిపిస్తుంది. కింద ముదురు ఉంటే ఎన్ని పూతలేసినా వెలగవు. అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది కనుక తడిగా ఉన్నప్పుడు ఒక మెట్టు లేతగానే కలుపుకోండి.

ఇక గోనెసంచులు. వాటికి ప్రత్యేకంగా పచ్చ కలపకండి. యెల్లో ఓకర్ (మట్టి పసుపు), తెలుపు, చిటికెడు అల్ట్రామెరీన్‌తో మామూలు బూడిద గోధుమరంగు వేయండి. పక్కనున్న ఎరుపు దాన్ని పచ్చగా కనిపించేలా చేస్తుంది. పారిస్‌లో గోబెలిన్స్ నేత కార్ఖానాలో అద్దకాల అధికారిగా ఉన్న షెవ్రల్‌కు నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చాయి. దారాన్ని పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన రంగులే నలుపును అలా చూపిస్తున్నాయి. 1839లో ఆయన ఈ విషయమంతా పుస్తకంగా వేశాడు. మీ ఎరుపుకు మంట తెచ్చేది మరో ఎరుపు ట్యూబు కాదండీ, పక్కనున్న గోనెసంచి.

ప్రశ్న: శాంతికి ఏ రంగు, దుఃఖానికి ఏ రంగు, కోపానికి ఏ రంగు? ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పాలి. ఒక పట్టిక ఇస్తారా?
– డ్రాయింగ్ టీచర్, తెనాలి

జవాబు: మాస్టారూ, పట్టిక ఇవ్వలేం. ఇస్తే పిల్లలు దాన్ని బట్టీపట్టి, కళ్లతో చూడటం మానేస్తారు. మన ఇళ్లలోనే చూడండి. తెలుపు సరస్వతీదేవి చీర రంగు, చావింట్లో కప్పే గుడ్డ రంగూ అదే. పసుపు గడపకు శుభం, కళ్లలో కనిపిస్తే కామెర్లు. ఎరుపు కుంకుమ, రైలును ఆపే దీపమూ ఎరుపే. రంగు పేరులో మనోభావం లేదు. ఎంత వెలుగ్గా ఉంది, ఎంత స్వచ్ఛంగా ఉంది, ఎంత మేర ఉంది, పక్కన ఏముంది అన్న నాలుగు సంగతుల్లో ఉంది.

వీటిలో టోన్‌దే పెద్దపీట. అమరావతి శిల్పాలకు ఉన్నది ఒకే లేత సున్నపురాతి రంగు. అయినా జనం తోపులాట, ఏనుగు ఉరవడి, భక్తుల నిశ్చలత అన్నీ తెలుస్తాయి. అంతా వెలుగునీడల పనే.

పట్టిక బదులు ఒక అభ్యాసం ఇవ్వండి. ఒక్కొక్కరికి పోస్టుకార్డు సైజు దళసరి కాగితాలు నాలుగు. నాలుగింటి మీదా ఒకే బొమ్మ: కాలవ, గట్టు మీద తాటిచెట్టు, దూరంగా ఒక ఇల్లు. పోస్టర్ కలర్లలో అల్ట్రామెరీన్, తెలుపు, నలుపు, ఒక పసుపు చాలు.

మొదటి కార్డులో అన్ని రంగుల్లోనూ తెలుపు ముప్పావు వంతుకు తగ్గకూడదు, నలుపు ముట్టుకోకూడదు. అంతా లేతలేతగా, ఒకదానికొకటి దగ్గర టోన్లలో ఉంటుంది. పొగమంచు కప్పిన ఉదయంలా, నెమ్మదిగా. రెండో కార్డులో అదే నీలం, తెలుపు లేకుండా, ముదురుగా. ఇంటి కిటికీలో మాత్రం మినపగింజంత పసుపు. చూసినవారి కన్ను తిన్నగా ఆ కిటికీ దగ్గరికే పోతుంది. ఒంటరితనం, ఎవరో ఎదురుచూస్తున్న భావం వస్తాయి. మూడో కార్డులో చెట్టు పూర్తి నలుపు, ఆకాశం పూర్తి తెలుపు, కాలవ ట్యూబులోని శుద్ధమైన నీలం. గట్టిగా అరిచినట్టు ఉంటుంది. నాలుగో కార్డులో అదే నీలానికి కొంచెం పసుపు, కొంచెం నలుపు కలిపి మసక చేసి, మధ్య టోన్లలోనే అంతా వేయించండి. దిగులు దానంతట అదే వస్తుంది.

నాలుగూ బల్ల మీద వరసగా పెట్టి, ఏది ఏ పూట, ఏ మనసు అని పిల్లల్నే అడగండి. అన్నిటిలోనూ ఉన్నది ఒకే నీలం ట్యూబు అని ఆఖర్న చెప్పండి. పిల్లలు జారేచోట్లు రెండున్నాయి. అలవాటుకొద్దీ అన్నిటికీ నల్ల స్కెచ్‌పెన్‌తో అంచు గీస్తారు, దాంతో మొదటి కార్డు పాడవుతుంది. రెండోది, పోస్టర్ కలర్ ఆరేటప్పుడు లేతరంగులు కాస్త ముదురుతాయి, ముదురువి కాస్త లేతబడతాయి. ఒక అట్టముక్క మీద రాసి ఆరబెట్టి చూసుకున్నాకే కార్డు మీద వేయించండి.

ప్రశ్న: మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారిని సరస్వతీదేవిగా అలంకరిస్తారు కదా. ఆ రూపం ఆయిల్‌లో వేస్తున్నాను. తెల్లచీర ఉతకని బట్టలా కనిపిస్తోంది. నగలకు గోల్డ్ కలర్ ట్యూబు వాడితే అదీ బాగాలేదు.
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మడతల నీడలకు తెలుపులో నలుపు కలుపుతున్నారు కదమ్మా? నలుపు తెలుపుల బూడిదరంగు చల్లగా, జీవం లేకుండా ఉంటుంది. పక్కన పసిమి ముఖం, బంగారం, కుంకుమ లాంటి వెచ్చటి రంగులుంటే అది మరీ మాసినట్టు కనిపిస్తుంది. తెల్లబట్టకు సొంత నీడరంగు ఉండదు. చుట్టూ ఉన్నవాటి రంగే దాని నీడలో చేరుతుంది.

ముందు వెలుతురు ఏదో తేల్చుకోండి. దీపాల వెలుగైతే వెలుగు పడిన చోటు వెచ్చన, నీడ చల్లన. పగటి నీడపట్టు వెలుతురైతే తిరగబడుతుంది. మీది దీపకాంతి అనుకుని లెక్క చెబుతాం. ప్యాలెట్ మీద నాలుగు కుప్పలు పెట్టుకోండి. ఒకటి: ఉసిరికాయంత టైటానియం వైట్‌లో అగ్గిపుల్ల తలంత పసుపు. రెండు: అంతే తెలుపులో కందిగింజంత యెల్లో ఓకర్. మూడు: తెలుపులో అల్ట్రామెరీన్ రెండు పాళ్లు, బర్న్ట్ సియెన్నా ఒక పాలు చేర్చిన నీలి బూడిద. ఇది మీకు భయం వేసేంత ముదురుగా ఉండాలి. నాలుగు: తెలుపు, ఓకర్, కొద్దిగా సియెన్నా. నగల కింద, చేతి పక్కన మడతల్లోకి తిరిగి పడే వెలుతురుకు ఇది.

చీరలో ఎక్కువ భాగం రెండో, మూడో కుప్పలే. మొదటి కుప్ప చీర వైశాల్యంలో పదోవంతు దాటకూడదు. ఆ పదోవంతే చీరంతటినీ తెల్లగా చూపిస్తుంది. చాలామంది మొదట్లోనే చీరంతా తెలుపు పూసేసి, ఆ తర్వాత మెరుపుకు ఇంకేమీ మిగుల్చుకోరు. కాన్వాసు తెల్లగా ఉన్నా తెలుపు అంచనా వేయడం కష్టమే. ముందు బర్న్ట్ అంబర్‌ను టర్పెంటైన్‌లో పల్చగా చేసి కాన్వాసంతా తుడిచి ఆరనివ్వండి. ఆ మట్టిరంగు మీద రెండో కుప్ప పెట్టగానే మల్లెపువ్వులా కనిపిస్తుంది.

గోల్డ్ ట్యూబులో ఉండేది లోహంలా మెరిసే పొడి. ఎదురుగా నిలబడితే ఒకలా, పక్క నుంచి చూస్తే చచ్చిన బూడిదరంగులా ఉంటుంది. బంగారాన్ని మామూలు రంగులతోనే వేయాలి. ఒళ్లంతా యెల్లో ఓకర్, తిరిగే అంచుల్లో బర్న్ట్ సియెన్నా, లోతుల్లో అంబర్‌తో అల్ట్రామెరీన్. మెరుపుకు తెలుపులో లెమన్ పసుపు కలిపి, సూదిమొనంత చుక్కలు, నగకు మూడో నాలుగో. మెరుపు చుక్క పక్కనే అన్నిటికంటే ముదురు చోటు ఉండాలి. ఆ రెండూ ఆనుకుని ఉంటేనే లోహం. మధ్యలో మెల్లగా కలిపేస్తే పసుపుకొమ్మే.

ఆయిల్ కాబట్టి రెండు జాగ్రత్తలు. కింది పూతల్లో నూనె తక్కువ, పై పూతల్లో ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పగుళ్లు వస్తాయి. లిన్‌సీడ్ (అవిసె) నూనె కాలం గడిచేకొద్దీ పసుపుబారుతుంది, చీకట్లో ఉంచితే ఇంకా ఎక్కువగా. పూర్తయిన బొమ్మను గుడ్డ చుట్టి బీరువా వెనక పెట్టకండి, ఎండ నేరుగా పడని వెలుతురు గదిలో ఉంచండి.

ప్రశ్న: సంక్రాంతి ముగ్గులో ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన నింపితే కళ్లు జిగేలుమంటున్నాయి. రంగులు మార్చాలా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: అక్కర్లేదు. ఒకే టోన్‌లో ఉన్న ఎదురుబొదురు రంగులు ఆనుకుంటే అంచు ఎక్కడుందో కన్ను తేల్చుకోలేదు, అదే ఆ జిగేలు. రెంటి మధ్యా తెల్లముగ్గు గీత వేలి వెడల్పున వదలండి, గొడవ ఆగిపోతుంది. లేదా ఆకుపచ్చలో తెల్లముగ్గు సగానికి సగం కలిపి లేత చేయండి. కళ్లాపి చల్లిన నేల మీద రంగులు నిండుగా కనిపిస్తాయి, బూడిదరంగు సిమెంటు మీద లేతరంగులు తేలిపోతాయి. సిమెంటు వాకిలైతే ముందు ఎర్రమట్టితో అలికి, ఆరాక మొదలుపెట్టండి.

ప్రశ్న: ఉద్యోగం వల్ల రాత్రిళ్లే బొమ్మలు వేస్తాను. పొద్దున్నే చూస్తే పసుపు గుప్పున కొడుతోంది, నీలాలు వెలిసిపోయినట్టున్నాయి.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ గదిలో పసుపు వెలుగిచ్చే బల్బు ఉండాలి. 2,700 నుంచి 3,000 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) బల్బు వెలుగులో పసుపు ఎక్కువ, నీలం తక్కువ. ఆ వెలుగులో తెల్లకాగితమే పసుపుగా ఉంటుంది కనుక వేసిన లేతపసుపు కనిపించదు, మీరు ఇంకా పూస్తారు. నీలం చీకటిగా కనిపిస్తుంది, మీరు పల్చన చేస్తారు. పొద్దున్న రెండు తప్పులూ ఒకేసారి బయటపడతాయి.

5,000 నుంచి 6,500 కెల్విన్ మధ్య ఎల్‌ఈడీ తీసుకోండి. పెట్టె మీద సీఆర్ఐ (ఆ వెలుగు రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 లేదా ఆపైన అని ఉండాలి. తెల్లగా వెలిగే ప్రతి ట్యూబులైటూ పనికిరాదు. సీఆర్ఐ తక్కువైతే ముఖ్యంగా ఎరుపులు నిస్తేజంగా కనిపిస్తాయి. కుడిచేతివాటమైతే దీపం ఎడమ వైపు, తలకంటే ఎత్తులో. కాగితం మీదా, రంగులు కలిపే పళ్లెం మీదా ఒకే దీపం పడాలి. ఈ పళ్లెం సంగతి ఎవరూ పట్టించుకోరు కానీ సగం తేడాలు అక్కడే వస్తాయి. గోడకు చిలకపచ్చ సున్నం ఉంటే దాని రంగు కూడా కాగితం మీదికి ఎగిరి పడుతుంది, ఆ వైపు ఒక తెల్లదుప్పటి వేలాడదీయండి.

ప్రశ్న: 24 రంగుల డబ్బా కొన్నాను. బొమ్మలో అన్ని రంగులూ బాగానే ఉన్నాయి, కానీ ఒకదానికొకటి పొత్తు కుదరడం లేదు. ఎవరి దారి వారిదే అన్నట్టున్నాయి.
– కళాశాల విద్యార్థిని, పటమట, విజయవాడ

జవాబు: ఇరవైనాలుగు ట్యూబుల్ని విడివిడిగా వాడితే అంతే. ఎనిమిది ఉంచుకుని మిగతావి ఆరు నెలలు పక్కన పెట్టండి. లెమన్ యెల్లో, గాంబోజ్, స్కార్లెట్, క్రిమ్సన్, అల్ట్రామెరీన్, ప్రష్యన్ బ్లూ, యెల్లో ఓకర్, బర్న్ట్ సియెన్నా. ప్రతి మూలరంగూ రెండేసి ఎందుకంటే, ఒక్కొక్కటి ఒక్కో వైపు మొగ్గుతుంది. లెమన్‌లో ప్రష్యన్ కలిస్తే నారుమడి పచ్చ. గాంబోజ్‌లో అల్ట్రామెరీన్ కలిస్తే ముదిరిన మామిడాకు పచ్చ. క్రిమ్సన్, అల్ట్రామెరీన్ కలిస్తే శుభ్రమైన వంగపండు. స్కార్లెట్, ప్రష్యన్ కలిస్తే బురద. కాలవగట్టుకు అదే కావాలి కనుక దాన్నీ గుర్తుపెట్టుకోండి. కలిపేటప్పుడు ఎప్పుడూ లేతరంగులోకి ముదురును చేర్చాలి. ప్రష్యన్ మహా జోరైన రంగు. బఠాణీ అంత పసుపుకు బియ్యపుగింజంత చాలు. తిరగేసి నీలంలో పసుపు పోస్తూ పోతే ట్యూబు సగమైనా పచ్చ రాదు.

పొత్తు సంగతికి పెడన కలంకారీ గుడ్డ ఒకటి తీసి చూడండి. నలుపు, ఎరుపు, పసుపు అన్నీ ఉన్నా ఏదీ పోట్లాడదు. గుడ్డను ముందే కరక్కాయ రసంలో ముంచి ఆరబెడతారు. ఆ రసంతోనే ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు కలిసి నలుపు అవుతుంది. అన్నిటి అడుగునా ఒకే నేల ఉంది, అందుకే అన్నీ ఒకింటివాళ్లలా ఉంటాయి. మీరూ కాగితానికి ముందు ఓకర్ పల్చటి పూత వేసి, పూర్తిగా ఆరనిచ్చి, దాని మీద పని చేయండి. అక్కడక్కడ ఆ నేలను అలాగే కనిపించనివ్వండి. లేదంటే ప్రతి మిశ్రమంలోనూ ఇరవయ్యోవంతు ఒకే రంగు, సియెన్నా అనుకోండి, కలుపుతూ పోండి. అన్నిటికంటే వెలుగున్న చోట, అన్నిటికంటే స్వచ్ఛంగా ఉండాల్సిన ఒక్క చోట మాత్రం కలపొద్దు.

కొలతకు మంగళగిరి చీర మంచి గురువు. ఒళ్లంతా ఒకే రంగు, అంచు సన్నగా ఎదురు రంగు. అంచునూ ఒంటినీ సమానం చేస్తే చీర రెండు ముక్కలైనట్టుంటుంది. మీ బొమ్మలో ముందు ఒళ్లు ఏ రంగో, అంచు ఏ రంగో పెన్సిల్‌తో మూలన రాసుకుని, ఒంటి రంగుకు ముప్పావు భాగం ఇచ్చి మొదలుపెట్టండి.